మా బావ మానేసిన సినిమాలు

పోయిన ఆదివారం మా మేనల్లుడు నన్ను బలవంతంగా సినిమాకు లాక్కెళ్ళాడు. గోదావరిఖనిలో మ్యాట్నీ ఆట. ఒంటికి అతుక్కున్న బట్టలు వేసుకుని ఆకాశంలో ఎగురుతూ లోకాన్ని కాపాడే వీరుల సినిమా, తెలుగులోకి డబ్బింగ్ చేసింది. అది ఎన్నో భాగమో నాకు ఎప్పుడో లెక్క తప్పింది. టికెట్లిచ్చే ఆయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "జర కూసోండ్రి, ఇంకో నలుగురు వస్తే ఆట ఏస్తం" అన్నాడు. ముప్పావుగంట కూర్చున్నాం. నలుగురు రాలేదు గాని, ఎండకు తాళలేక లోపల చల్లగా ఉంటుందనుకుని ఒక జంట వచ్చింది, వాళ్ళతోనే సర్దుకుని ఆట మొదలుపెట్టారు. లోపల చల్లగా ఏమీ లేదు. ఇదే హాలు గేటు దగ్గర, ఇలాంటి సినిమాకే, ఒకప్పుడు తోపులాటలో నా చెప్పు ఒకటి పోయింది. రెండోదాన్ని పారేయడానికి మనసొప్పక ఒళ్ళో పెట్టుకుని సినిమా అంతా చూశాను. ఆ రోజు నా పక్కన కూర్చుని నా చెప్పును చూసి పడీపడీ నవ్విన మనిషి మా బావ, మా అక్క భర్త. ఆయన పోయి మూడేళ్ళు దాటింది. ఆ చావులో నా పాలు ఎంత ఉందో పోయిన ఆదివారం దాకా నేను ఎవరికీ చెప్పలేదు.

మేమిద్దరం ఒకే బొగ్గుబాయిలో పనిచేసేవాళ్ళం, ఆయన కింద, నేను పైన. ఆయన సర్దార్. అంటే షిఫ్టు మొదలైనప్పుడు అందరికంటే ముందు పనిచోటికి పోయి, ఇనుప కడ్డీతో పైకప్పును తట్టి, ఆ చప్పుడు విని, ఎక్కడైనా బీట ఉందేమోనని లైటు వేసి వెతికి, ఆయన సరే రండంటేనే మిగతావాళ్ళు పోవాలి. నాది ల్యాంపు రూము. దిగేవాళ్ళకు టోపీకి తగిలించుకునే లైటు ఇవ్వడం, ఎక్కివచ్చినాక తీసుకుని ఛార్జింగుకు పెట్టడం. చెప్పుకోవడానికి పెద్ద ఉద్యోగమేం కాదు గాని, నా కిటికీలోంచి లైటు తీసుకోకుండా ఎంతటివాడైనా బాయిలోకి దిగలేడు.

ఆ వీరుల సినిమాలంటే బావకు పిచ్చి. మొదటి షిఫ్టు ముగించుకుని, ఒళ్ళంతా రుద్దుకుని స్నానం చేసి, కళ్ళ చుట్టూ కాటుకలాగా మిగిలిన బొగ్గుతోనే తన మనుషులను ఏడెనిమిది మందిని వెంటేసుకుని బయల్దేరేవాడు. కొడుకు చిన్నవాడుగా ఉన్నప్పుడు వాణ్ణి భుజాల మీద ఎక్కించుకునేవాడు. "ఎనిమిది గంటలు చీకట్ల ఉండొస్తిరి, మల్ల పైసలిచ్చి చీకట్ల కూసునుడేందో" అని అక్క రుసరుసలాడేది. హాల్లో మా వరుస ఒక్కటే వంద మంది పెట్టు. కూలుతున్న భవనాన్ని వీరుడు వీపు మీద ఆపితే మావాళ్ళు ఈలలు వేసి కాగితాలు చల్లేవారు. బావ మాత్రం అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతూనే తప్పులు పట్టేవాడు. "వీనికేం తెల్వదురా, కప్పు కూలెటప్పుడు పక్కకు ఉర్కాలె గాని నడుమ నిలబడుతరా? వీన్ని నా షిఫ్టుల ఏస్తే మొదటి దినమే ఇంటికి పంపుత" అనేవాడు. ఇంటికి వచ్చాక కూడా అదే ముచ్చట. ఏ వీరుడు ఎవరి శిష్యుడు, ఎవరికి ఎవరితో వైరం అన్నది బాయిలో కప్పుకు దుంగలు ఆనించే టింబర్ పని చేసే మా కాక ఒకాయన భారతం చెప్పినట్టు చెప్పేవాడు. అందరం మంచాల మీద కూర్చుని వినేవాళ్ళం.

తర్వాత తర్వాత మొహం మొత్తింది. ఏడాదికి ఒకటి వచ్చేది మూడూ నాలుగూ రాసాగాయి. ఒకటి అర్థం కావాలంటే అంతకుముందు ఫోన్లో వచ్చిన సీరియలేదో చూసి ఉండాలట. అన్నిటికంటే మావాళ్ళకు మింగుడుపడనిది, చచ్చినవాళ్ళు తిరిగి రావడం. ఒక సినిమాలో ముసలి వీరుడు చనిపోతే మా టింబర్ కాక హాల్లోనే వెక్కివెక్కి ఏడ్చాడు. రెండేళ్ళకు ఇంకో భాగంలో ఆ వీరుడే వేరే లోకం నుంచి నిక్షేపంగా నడిచి వచ్చాడు. కాక లేచి నిలబడి, "మరి నేను ఏడ్చిన ఏడుపు ఏమైనట్టు?" అని తెరనే అడిగాడు. అందరం నవ్వాం గాని, ఆ తర్వాత ఆయన మళ్ళీ రాలేదు. బాయిలో పోయినవాళ్ళను భుజాల మీద మోసుకొచ్చిన మనుషులకు ఆ ఆట మోసంగా తోచడంలో వింతేముంది? బావకు గుచ్చుకున్నది వేరే. ఆ ముసలి వీరుడు చనిపోయిన సినిమాలోనే అతని బట్టలను కుర్ర శిష్యుడికి తొడిగితే హాలంతా ఈలలు వేసింది. బావ చప్పట్లు కొట్టలేదు. "పాపం పోరడు" అని మాత్రం అన్నాడు.

ఆ మాటకు కారణం ఉంది. మా వైపు బాయి కార్మికుడు జబ్బుపడి పనికి పనికిరాడని దవాఖాన తేలిస్తే, ఆ నౌకరి కొడుక్కి వస్తుంది. దాని కోసం ఎన్ని మొక్కులు మొక్కుతారో, ఎన్ని గడపలు తొక్కుతారో మా బొగ్గు ఊళ్ళలో పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. అయితే రిటైర్మెంటు బాగా దగ్గరపడితే ఆ దారి మూసుకుపోతుంది, దానికో గడువుంది. మా అక్క ఆశంతా దాని మీదే. బావ ఆశ మాత్రం ఆ గడువు ఎప్పుడు దాటిపోతుందా అని. కొడుకు కరీంనగర్‌లో చదువుతున్నాడు. వాడు ఏ పనైనా చేసుకోవచ్చు, బాయిలోకి మాత్రం దిగకూడదు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నాకొక్కడికే చెప్పాడు, అదీ నేను పట్టుకుంటే.

పట్టుకున్నది కూడా సినిమాలోనే. అప్పటికి మా గుంపులో మిగిలింది మేమిద్దరమే. ఆ సినిమా త్రీడీలో వచ్చింది, గేటు దగ్గర నల్లద్దాలు ఇచ్చారు. తెర మీద కొండ పగిలి రాళ్ళు సూటిగా మన ముఖం మీదికే వస్తుంటే హాలంతా కెవ్వున వెనక్కు వాలింది, నేనూ వాలాను. బావ మాత్రం కదలకుండా కూర్చున్నాడు. "ఏంది బావా, బోర్ కొట్టిందా?" అన్నాను. "రోజు మీద పడేటియే గదరా" అన్నాడు. అప్పుడు పెద్దగా నవ్వాను. ఇంటర్వెల్లో చాయ్ గ్లాసు అందిస్తే ఆయన చెయ్యి గ్లాసుకు బెత్తెడు ఇవతలే ఆగిపోయింది. రెండోసారి దొరికింది. నాకు నవ్వు ఆగిపోయింది. ఆ త్రీడీ రాళ్ళు మీదికి వచ్చినట్టు కనిపించాలంటే రెండు కళ్ళూ ఉండాలి. సరసానికన్నట్టు ఆయన కుడికన్ను మీద నా అరచెయ్యి మూసి, "నా మొఖం మీద ఏమున్నదో చెప్పు బావా" అన్నాను. ఆయన ఎడమకన్ను నా ముఖం దాటి ఎటో చూసింది. తర్వాత నా చెయ్యి పట్టి మెల్లగా దించాడు.

"ఎప్పటి సంది?" అన్నాను.

"దసరా సంది. మొదలు పొగ లెక్క ఉండె, ఇప్పుడు అదీ లేదు. దవాఖానకు పోతే అన్‌ఫిట్ అంటరు. గా మాట చెవుల పడ్డదంటే మీ అక్క ఆగుతదా? తెల్లారే పోరన్ని తోలుకొచ్చి దరఖాస్తు పెట్టిస్తది. ఇంకో ఎనిమిది నెలలైతే గడువు దాటుతది. గప్పటిదాకా నోరు మూసుకో. నా మీద ఒట్టు."

"ఒంటి కన్నుతోటి కప్పు ఎట్ల చూస్తవ్ బావా?"

"కప్పును చూసుడు కాదురా, వినాలె. నా చెవులకేమైంది?"

నేను ఒట్టు వేశాను. మళ్ళీ ఇంకెవరైనా పట్టుకుంటారేమోనని, అన్నీ ఒకటే కథ, విసుగొచ్చింది అని చెప్పి ఆయన సినిమాలు మానేశాడు. అందరూ అప్పటికే విసిగిపోయి ఉన్నారు గనుక ఎవరికీ అనుమానం రాలేదు. నాకు మాత్రం రోజూ పరీక్ష. పొద్దున్నే కిటికీ దగ్గరికి వచ్చి చెయ్యి చాచేవాడు. నేను ఇవ్వకపోతే ఆయన దిగలేడు. లైటు ఖరాబైందనో, నంబరు కలవలేదనో, ఏదో ఒకటి చెప్పి ఆపొచ్చు. మేనేజర్‌తో ఒక్క మాట చెబితే ఆయనకు ఏదో పైపని చూసేవాళ్ళు. అదేదీ చేయలేదు. నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఉన్నవాటిలో బాగా వెలిగే లైటును వెతికి, అద్దం తుడిచి, ఆయన కోసం పక్కన పెట్టడం. చూపు లేని కంటికి ఎంత వెలుగిస్తే మాత్రం ఏం లాభం? ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది. అప్పుడు మాత్రం అదేదో సాయం చేస్తున్నట్టే ఉండేది.

గడువుకు నెలన్నర ఉందనగా, మొదటి షిఫ్టులో, కప్పు కూలింది. అందరికంటే ముందు పోయినవాడు ఆయనే గనుక ఆయనొక్కడే దాని కింద పడ్డాడు. ఆయన ఎడమవైపు నుంచి జారిందని వెనక ఉన్నవాళ్ళు చెప్పారు. రెండు కళ్ళూ ఉన్నా అది కనిపించేదో లేదో నాకు తెలియదు. రెండు కళ్ళున్న సర్దార్లు కూడా పోయారు మా కళ్ళ ముందు. కానీ ఆ ధైర్యం చెప్పుకుని బతకడం నాకు చాతకాలేదు. షిఫ్టు దిగిపోయాక లైట్లన్నీ వచ్చాయి. ఒక్క కొక్కెం ఖాళీగా ఉంది. దాని ముందు నిలబడి గట్టిగా ఏడ్చాను. అందరూ బావ కోసం ఏడుస్తున్నాననుకున్నారు.

డ్యూటీలో పోయిన మనిషి ఇంటికి నౌకరి ఇవ్వడానికి ఏ గడువూ అడ్డం రాదు. ఏడాది తిరక్కుండానే మా మేనల్లుడు బాయిలోకి దిగాడు. మొదటిరోజు నా కిటికీ దగ్గరికి వచ్చి, తండ్రి నిలబడినట్టే కొంచెం పక్కకు ఒరిగి నిలబడి చెయ్యి చాచాడు. ఇచ్చాను. ఇవ్వక ఏం చేస్తాను?

పోయిన ఆదివారం సినిమా అయ్యాక మేమిద్దరం బయట మెట్ల మీద కూర్చున్నాం. తెర మీద చచ్చినవాళ్ళందరూ మళ్ళీ వచ్చారు, హాల్లో ఒక్కరూ ఈల వేయలేదు. వాడు, "బాపుకు ఈ సినిమాలంటే అంత పానం గద మామా, ఒక్కసారే ఎందుకు మానేసిండు? నేను కరీంనగర్‌కెల్లి వచ్చి రమ్మన్నా రాకపోతుండె. నా మీద ఏమన్న కోపమా?" అని అడిగాడు. మూడేళ్ళుగా వాడు ఆ మాట మనసులో పెట్టుకుని తిరుగుతున్నాడని నాకు తెలియదు. ఇక నా వల్ల కాలేదు. కన్ను సంగతి, ఒట్టు సంగతి, గడువు సంగతి, నేనిచ్చిన లైట్ల సంగతి అన్నీ చెప్పాను. కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

వాడు తల వంచుకుని అన్నాడు. "బాపు కన్ను సంగతి అప్పుడే తెలిసినా నేను వద్దంటుంటి మామా. అమ్మ ఎంత మొత్తుకున్నా బాయిలకు పోనంటుంటి. అప్పటికే కరీంనగర్ల పని గూడ చూసుకున్న. బాపు పోయినంక అమ్మ మొఖం చూసి ఒప్పుకున్న గాని, నాకు ఏనాడు ఈ నౌకరి మీద మనసు లేదు. బాపు గాని, నువ్వు గాని ఒక్కసారి నన్ను అడగకపోతిరి."

తర్వాత లేచి, తెల్లవారి మొదటి షిఫ్టు ఉందని చెప్పి బండి స్టార్ట్ చేశాడు. నేను వెనక కూర్చున్నాను. ఆత్మీయులు పోయినప్పుడు, ఏదో చెప్పాలనుకున్నాం, అడగాలనుకున్నాం, కాలం చాలలేదని అంటుంటారు. వాళ్ళను చూస్తే నాకిప్పుడు అసూయగా ఉంటుంది. మాకు కాలం బోలెడంత ఉండింది.