కిటికీ మీద ఉంగరం చప్పుడు

మా మామయ్యగారు కరెంటు విషయంలో పరమ పిసినారి. మనిషి లేని గదిలో ఫ్యాను తిరిగితే ఆయనకు ఒంటి మీద తేళ్లూ జెర్రులూ పాకినట్టుండేది. గవర్నర్‌పేటలో మా ఫ్లాటు పడమటి కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, వేలి ఉంగరంతో అద్దం మీద టక్కుమని కొట్టేవారు. ఎక్కడో ఏదో దండగవుతోందని అర్థం. అత్తయ్యో నేనో లేచి వెళ్లి ఆపాల్సిందే.

అలాంటి మనిషి సోలార్ అద్దాల గురించి విన్నాక ఊరుకుంటారా? అవి ఎండను లోపలికి పూర్తిగా రానివ్వకుండా పట్టుకుని కరెంటు చేస్తాయట. "ఇంత ఎండ ఊరికే పోతోందమ్మా," అంటూ ఆర్డరిచ్చేశారు. అద్దాలు వచ్చేలోపు ఆయనే పోయారు.

బిగించగానే ఇంట్లో వేడి కొంత తగ్గింది, ఇక బిల్లూ తగ్గుతుందనుకున్నాం. ఆ సంతోషం ఒక్కపూట కూడా నిలవలేదు. ఎండ పడమటికి తిరిగేసరికి కిటికీ టక్కుమంది. అదే చప్పుడు. అత్తయ్య వెంటనే లేచి, తన గదిలో ఫ్యాను ఆపేసి ఉక్కలో కూర్చున్నారు.

ఇక రోజూ అంతే. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో చెమటకు చీర తడిసి ముద్దవుతున్నా మళ్లీ స్విచ్చి ముట్టుకునేవారు కాదు. ఒకరోజు కళ్లు తిరిగి పడబోయారు. ఈవిడ కూడా పోతారేమోనని నాకు భయం పట్టుకుంది. అద్దాలు బిగించినతన్ని పిలిపించాను.

"వేడికి ఫ్రేము సాగుద్దండీ, ఆ చప్పుడే. రబ్బరు పెడితే ఆగిపోద్ది," అన్నాడతను.

అత్తయ్య కిటికీకి అడ్డంగా నిలబడ్డారు. "దాని జోలికెళ్లొద్దు బాబూ."

అతను వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. "ఆయన పెట్టించిన కిటికీయే కరెంటు ఇస్తోంది కదా అత్తయ్యా! వాడుకోకపోతేనే దండగ. అందుకే కొడుతున్నారేమో!" అని అరిచాను.

"ఇన్నేళ్లు కాపరం చేసింది నేను. ఆయన సంగతి నువ్వు చెప్తావా?" అని మొహం తిప్పుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం నేను వంటగదిలో ఉండగా కిటికీ టక్కుమంది. వెంటనే అత్తయ్య గదిలో స్విచ్చి చప్పుడు. మళ్లీ ఆపేశారనుకుని విసురుగా వెళ్లాను. ఫ్యాను తిరుగుతోంది, నీరసంగా. ఆవిడ గుమ్మంలో నిలబడి, కిటికీ పక్కన ఖాళీ కుర్చీతో చెబుతున్నారు.

"స్పీడు ఒకటి మీదే పెట్టానండీ."

కిటికీ మళ్లీ టక్కుమంది. నేను గబగబా వెళ్లి వంటగదిలో లైటు ఆపేశాను.