రిలీవరు రాని డ్యూటీ

మా నాన్న ఉక్కు ఫ్యాక్టరీ నుంచి రిటైరయ్యాడు గానీ షిఫ్టుల నుంచి కాలేదు. ఒక వారం ఏ షిఫ్టు, మరో వారం బీ, ఆ తర్వాత సీ. సీ షిఫ్టు వారంలో పగలంతా కర్టెన్లు వేసుకుని పడుకుంటాడు, రాత్రంతా గాజువాక ఇంటి బాల్కనీలో కుర్చీ వేసుకుని మెలకువగా ఉంటాడు. ఏం కాస్తున్నావని అడిగితే అలవాటంటాడు. అమ్మ ఆయనకి క్యారేజీ సర్ది ఇస్తుంది. వంటింట్లోంచి బాల్కనీకి క్యారేజీ ఏమిటని నేను అరిచాను. కంచంలో పెడితే ఆయనకి అన్నం తిన్నట్టుండదట. ఒళ్లు మండిపోయింది నాకు.

మోకాళ్లు అరిగాక అమ్మ నన్ను కోరింది ఒక్కటే. "ఒకలు వొండితే నాను కూకుని తినే సోటుంటే సూడే."

అందుకని సెలవు దొరికినప్పుడల్లా ఇద్దరినీ కారెక్కించుకుని, పెద్దవాళ్ల కోసం కట్టిన కాలనీల చుట్టూ తిరిగాను. వాటి కరపత్రాల్లో అందరూ నవ్వుతూ ఉంటారు. ఒకచోట నిజంగానే నవ్వుతున్నారు, పొద్దున్నే వరసగా నిలబడి, చేతులు పైకెత్తి. జోకు ఎవరేశారని నాన్న అడిగాడు. ఎవరూ వెయ్యలేదు, ఇది వ్యాయామమన్నారు. తిరిగొచ్చి కారులో కూర్చున్నాడు. ఇంకోచోట మరీ నిశ్శబ్దంగా ఉందన్నాడు. ఫ్యాక్టరీ సైరన్ వినపడని చోట టైమెలా తెలుస్తుందని ఆయన బాధ. వెళ్లడం ఇష్టంలేని మనిషికి వంకలకేం కరువు!

మూడోది భీమిలి రోడ్డులో. ఒక పగలు గడిపి చూడమన్నారు. మేం వెళ్లేసరికి నేవీలో పనిచేసిన పంజాబీ పెద్దాయన చేతికర్రలు పట్టుకున్న వాళ్లందరి చేతా కవాతు చేయిస్తున్నాడు. యారాడలో చేపలమ్మిన ముసలమ్మ ఒక బెంగాలీ టీచరమ్మతో పులుసు గురించి వాదిస్తోంది. ఎవరి భాష వాళ్లదే, అయినా ఇద్దరికీ కోపం సరిగ్గానే అందుతోంది. మధ్యాహ్నం హాల్లో అమ్మ కూర్చుని తింది. పప్పులో ఉప్పు లేదు. అయినా రెండుసార్లు వేయించుకుంది. తింటున్నంతసేపూ వడ్డించే వాళ్లనే చూసింది.

మల్కాపురం నుంచి వచ్చిన ఒకాయన, పోర్టులో క్రేను నడిపిన మనిషి, టీ వేళకే నాన్నని బావా అనేశాడు. నాకు కాస్త ఆశ పుట్టింది. కానీ నాన్న సాయంత్రం బయల్దేరాల్సిందేనని పొద్దున్నే చెప్పి ఉన్నాడు.

తీరా బయల్దేరే వేళకి నాన్న కనపడలేదు. వెతగ్గా వెతగ్గా వెనకవైపు మోటారు గదిలో దొరికాడు. స్టూలు మీద నిటారుగా కూర్చుని నీళ్ల మోటారు వైపు చూస్తున్నాడు. ట్యాంకు నింపే పని క్రేనాయనదట. నాన్నని కాసేపు చూస్తుండమని చెప్పి వెళ్లాడట.

పద నాన్నా అన్నాను.

"రిలీవరు రాకండా డూటీ వొగ్గీసి వొచ్చీమంతావేటి?"

ఫ్యాక్టరీలో షిఫ్టు అయిపోయినంత మాత్రాన ఇంటికి రాకూడదు. తర్వాతి మనిషి వచ్చి పని అందుకోవాలి. అతను రిలీవరు. అతను రాకపోతే డబుల్ డ్యూటీ. పోనీ నేను కూర్చుంటానన్నాను. నాకు ట్రెయినింగ్ లేదన్నాడు. మేనేజరు పరిగెత్తుకొచ్చి, ట్యాంకు నిండితే మోటారు దానంతటదే ఆగిపోతుందని, ఆగిపోయి చాలాసేపయిందని చెప్పాడు.

నాన్న ఆగిపోయిన మోటారు మీంచి చూపు తిప్పలేదు. "దాని పని అది సేసుకుంది. నా పని నాను సెయ్యాల కదా."

ఆ రిలీవరుని పట్టుకొద్దామని హాల్లోకి వెళ్లాను. క్రేనాయన కేరమ్స్ బోర్డు ముందు కూర్చుని లేవడానికి అవస్థ పడుతున్నాడు. ఎదురుగా మా అమ్మ. ఆయన లేవబోయినప్పుడల్లా, ఈ బోర్డయ్యాక వెళ్దువు అన్నయ్యా అంటోంది. మా అమ్మ కేరమ్స్ ఆడుతుందని నాకు అప్పటిదాకా తెలీదు.

నాన్న ఈయన కోసం కాచుకుని ఉన్నాడని చెప్పాను.

"ఉండనీ. రిలీవరు రాపోతే డబులు డూటీ. ఆ రూలు మీ నాన్నదే కదా." అమ్మ స్ట్రైకరు సర్దుకుంది. "పెళ్లయిన కాడ్నుంచి పొయ్యికాడ నానే ఉన్నాను. నాకు ఏ రిలీవరొచ్చాడు?"

ఎర్ర కాయ పాకెట్లో పడింది. నాకు నవ్వు రాలేదు. ఇన్నాళ్లూ నేను ఆ క్యారేజీని చూసి అరిచానే గానీ, అది సర్దే చేతుల గురించి ఒక్కసారీ ఆలోచించలేదు.

మోటారు గదికి వెళ్లి, అమ్మ అన్నది అన్నట్టే నాన్నకి చెప్పాను. ఆయన మోటారు మీద చెయ్యి వేసి చూశాడు, చల్లబడిందో లేదో అన్నట్టు.

"ఆ మనిసిని తొందరెట్టకు," అన్నాడు. "మీయమ్మని ఆడనీ. నానుంతాను."

నేను బయటికొచ్చి గాజువాకలో పక్కింటావిడకి ఫోన్ చేశాను. రేపు మా గుమ్మంలో వేసే పాల ప్యాకెట్లు తీసి పెట్టమన్నాను.