తాడు మీద చెయ్యి

డెబ్బైల చివర్లో విశాఖపట్నంలో మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకెళ్ళి వాళ్ళని చూసుకునే పని చేసేదాన్ని. చర్చిలో దాన్ని సేవ అనేవారు. నాకు తెలిసినంతలో అది ఒళ్ళు తుడవడం, దుప్పట్లు ఉతకడం, తిట్లు తినడం. తిట్టడంలో అందె వేసిన చెయ్యి ఒక తాతది. సముద్రం ఒడ్డున చేపలు పట్టే ఇంటి పెద్ద. పక్షవాతం వచ్చి ఎడమ పక్కంతా పడిపోయింది. నోరు పడిపోలేదు. ఆ ఒక్క విషయంలో దేవుడు కాస్త ఏమరుపాటుగా ఉన్నాడనుకునేదాన్ని.

అలాంటి మనిషి ఉన్నట్టుండి తిట్టడం మానేశాడు, తిండీ మానేశాడు. తినడం లేదని కోడలు ఏడ్చింది. తిట్టడం లేదని నాకు భయమేసింది. గంజి పట్టుకెళ్తే పళ్ళు బిగించేవాడు. ఇలాగే ఉంటే ఎన్నాళ్ళో ఉండడని డాక్టరు చెప్పేసి వెళ్ళాడు.

"ఏటి తాతా, సచ్చిపోదామనా?" అని అడిగేశాను.

"పన్జెయ్యకండా కొడుకు కూడు తింతానేటే గుంటా?" అన్నాడు గోడకేసి చూస్తూ. "నాను తిన్ను."

ఆ ఒడ్డున ఒక కట్టుబాటుంది. ఒడ్డు నుంచి పెద్ద వల లాగేటప్పుడు తాడు పట్టిన ప్రతి మనిషికీ చేపల్లో వాటా ఉంటుంది. పట్టనివాడు సొంత తమ్ముడైనా వాటా లేదు. రోజూ కళ్ళముందు జరిగేదే అయినా ఆ సంగతి నాకు తట్టడానికి వారం పట్టింది. నా తెలివి అలాంటిది.

ఆదివారం పొద్దున్నే కొడుకుని పిలిచి, "మీ అయ్యని కుర్సీలో కూకోబెట్టు, ఒడ్డుకి మోసుకెళ్దాం" అన్నాను.

"డాట్రుబాబు కదపొద్దన్నారప్పా."

"అయితే ఆ బాబునే వచ్చి తినిపించమను."

చర్చిలో పాట ఎత్తుకునే వేళకి నేను ఇసకలో కుర్చీ మోస్తున్నాను. వారం తిననివాడికి అంత బరువెక్కడిదో. తాత కుడిచేత్తో తాడు పట్టాడు. నిజానికి ఆయన లాగిందేమీ లేదు, తాడే అరచేతిని ఒరుసుకుంటూ పోయింది. అయినా, "గట్టిగా లాగండ్రా ఎదవల్లారా, కూడు తిన్లేదేట్రా" అని అందర్నీ తిట్టాడు. నేను ప్రభువుకి స్తోత్రం చెప్పుకున్నాను.

వల ఒడ్డుకొచ్చాక, వాటాలు వేసే మనిషి తాత ముందు అందరితో సమానంగా కవళ్ళు, ఆ చిన్న చేపలే, కుప్ప పోసి, పైన ఖరీదైన వంజరం చేప ఒకటి కూడా పెట్టాడు. తాత మొహం మాడిపోయింది. జాలి పడ్డారని కనిపెట్టేశాడు. ఇంక మెతుకు ముట్టడనుకున్నాను.

"ఇదేట్రా?"

"నీ వాటాయే, మావా."

"నానొంటి సేత్తో లాగినాను. సగమే నాది."

వంజరాన్నీ సగం కవళ్ళనీ కుడిచేత్తో పక్కకి నెట్టేసి, మిగిలినవి తువ్వాల్లో కట్టమన్నాడు.

మధ్యాహ్నం కోడలు ఆ కవళ్ళు పులుసు పెట్టింది. నేను అన్నం కలిపి నోటికి అందించబోతే నా చెయ్యి తోసేశాడు.

"తియ్యే. నా కూడు నాను తింతాను."