ఉప్పు వెయ్యని గిన్నె

సందు చివరుండే టైలర్ బాబాయ్‌ని మీరు చూసి తీరాల్సిందే! సాయంత్రమైతే మెడలో టేపు కూడా తియ్యకుండా కీరా కోస్తాడు, బట్ట కత్తిరించినట్టు ముక్కలన్నీ ఒకే కొలత. క్యారెట్ తురిమి, ఉల్లిపాయ సన్నగా తరిగి, నిమ్మకాయ పిండి, రెండు గిన్నెల్లో సర్ది ఫ్రిజ్‌లో పెడతాడు. ఉప్పు మాత్రం అప్పుడే వెయ్యడు. పిన్ని ఆసుపత్రిలో నర్సు. ఆవిడ డ్యూటీ దిగొచ్చి గేటు తీసిన చప్పుడైతేనే చల్లేవాడు, ముందే వేస్తే నీళ్లూరి మెత్తబడిపోతుందని. "నా మీద కంటే నీకు కీరా మీదే ప్రేమెక్కువ" అని వెక్కిరిస్తూనే ఆవిడ చల్లచల్లగా కరకరా నమిలేది. మొన్న వానాకాలంలో పిన్ని పోయింది. గిన్నెలు మాత్రం ఇంకా రెండే.

నిన్న కూతురొచ్చి, ఫ్రిజ్‌లోంచి గిన్నె తీసి ఓ ముక్క నోట్లో వేసుకుంది. "ఏంటి నాన్నా, ఇంత చప్పగా ఉంది! ఉప్పు మర్చిపోయావా?" అంటూ డబ్బాలోంచి చిటికెడు ఉప్పు తీసింది.

"ఆగమ్మా, ఇప్పుడే వెయ్యకు. అమ్మ రానీ" అనేశాడు బాబాయ్.

అన్నాక గానీ తనేమన్నాడో తనకే తెలియలేదు. టేపు కొస వేలికి చుట్టుకుంటూ గేటు వైపు చూస్తూ ఉండిపోయాడు. కూతురు ఆ ఉప్పు చల్లితే, అమ్మ ఇక రాదని నాన్నకి తనే చెప్పినట్టవుతుంది. చల్లకపోతే ఆయన రేపూ ఇలాగే గేటు కేసి చూస్తాడు. మీరే చెప్పండి, చేతిలో ఆ చిటికెడు ఉప్పుతో మీరైతే ఏం చేసేవాళ్లు?