డ్రైవరు పక్కన బల్ల

మా ముత్తాత మక్తల్ వైపు కొన్ని గ్రామాలకు దేశ్‌ముఖ్. మా తాత సంతకు వస్తే బండ్లవాళ్లు ఎడ్లను పక్కకు లాగి నిలబడేవారు. మా నాయనగారి కాలానికి దాయాదుల దావాల్లో భూములు కరిగిపోయి, దేశ్‌ముఖ్ అన్న పిలుపూ, ఇంటి ముందు ఎత్తైన దర్వాజా మాత్రం మిగిలాయి. ఆ ఇంటికి ఆఖరు వారసుణ్ణి నేను. గొప్పకు చెప్పడం లేదు. మొన్న నార్కట్‌పల్లిలో నాకు గుర్తొచ్చింది చెప్పాలంటే ఇక్కడినుంచే మొదలుపెట్టాలి.

కిరాయికి సరుకు తోలే నా కూతురి కొడుకు ఇంకో పాత లారీ కొనబోతూ నన్ను వెంట తీసుకుపోయాడు. రోడ్డు పక్కన రెండు నిలబెట్టి ఉన్నాయి, ఒకటి బాగా తిరిగినది, మరొకటి ఈమధ్యది. వాడు కిందికి వంగి ఇంజన్లు చూస్తుంటే నేను క్యాబిన్లోకి తలపెట్టి, కూర్చునే చోటు చూశాను. "అండ్ల ఏం చూస్తున్నవ్ తాతా? నడిచేది ఇంజను గద!" అని వాడు నవ్వాడు.

మా ఇంట్లో లారీ కొన్నది పెద్ద యుద్ధం ముగిసిన కొత్తలో. ఆముదాలూ పల్లీలూ మహబూబ్‌నగర్ రైలు స్టేషనుకు తోలితే మిగిలిన మెట్ట చెలకలైనా అమ్ముకోకుండా నిలబడవచ్చునని నాయనగారి ఆలోచన. అందుకు అమ్మ వడ్డాణం అమ్మారు. దాన్ని విప్పి ఇస్తూ అమ్మ, "మంచిగ చూసి తీసుకోండ్రి" అన్నది, అంతే. హైదరాబాదులో బేరానికి నాయనగారూ, అమ్మకు తమ్ముడైన మా మేనమామా, అప్పుడే మీసాలు వచ్చిన నేనూ పోయాము. మామ నారాయణపేటలో చీరల మూటల వ్యాపారం చేసేవాడు; తానూ ఒక దేశ్‌ముఖ్ ఇంట పుట్టి మూటలు మోయిస్తున్నాడని నాయనగారికి ఆయన మీద చిన్నచూపు.

అక్కడా రెండే లారీలు. ఒకటి యుద్ధానికి ముందుది, రంగు పోయినది, పక్కన డ్రమ్ములాంటి బొగ్గుల పొయ్యి తగిలించినది. పెట్రోలు దొరకని ఆ రోజుల్లో బొగ్గుల మీద పుట్టే గ్యాసుతోనే బస్సులూ లారీలూ నడిచేవి. రెండోది సైన్యం వాళ్లు వేలం వేసినది, పెద్దగా తిరగనిది, ఆకుపచ్చ రంగు ఇంకా మెరుస్తున్నది.

"పాతదే పట్టు బావా. పెట్రోలు బందైనా బొగ్గుల మీద నడుస్తది" అన్నాడు మామ.

నాయనగారు పాతదాని క్యాబిన్లోకి ఎక్కి కూర్చున్నారు. అందులో ఈ కొస నుంచి ఆ కొసకు ఒకటే బల్ల. నడిపి చూపించడానికి డ్రైవరు ఎక్కేసరికి అతని భుజం ఆయన భుజానికి తాకింది. ఆయన వెంటనే దిగిపోయారు.

"నౌకరును ఆనుకొని కూసొని నేను ఊర్లపొంటి తిరగాల్నా?"

"లారీల పల్లకి యాడ దొరుకుతది బావా? గట్ల కాదంటే ఎనుక మూటల మీద కూసో, అందరికంటె ఎత్తుల ఉంటవ్."

అక్కడున్న కూలీలు పగలబడి నవ్వారు. నాయనగారు నవ్వలేదు. సైన్యపు లారీలో రెండు సీట్లు వేరువేరుగా, నడుమ గోడలాగా ఇంజను ఉన్నాయి. ఆయన ఆ సీటును చేత్తో ఒక్కసారి నొక్కి చూసి బయానా ఇచ్చేశారు. పాతదాన్ని మామే కొనుక్కున్నాడు.

మొదట్లో మా లారీ బాగానే నడిచింది. నాయనగారు తెల్లటి తలపాగాతో తన సీట్లో నిటారుగా కూర్చుని వెళ్తుంటే ఊళ్లలో జనం అరుగుల మీదినుంచి లేచి నిలబడేవారు. నడుమనున్న ఇంజను సెగకు ఆయన కాలు కమిలేది. ఇంటికి వచ్చి అమ్మ చేత వెన్న రాయించుకుని, మరునాడు మళ్లీ ఆ సీటే ఎక్కేవారు. ఆ తరువాత నైజాముకూ ఇండియా యూనియనుకూ చెడి, సరిహద్దుల్లో సరుకు ఆగిపోయి, పెట్రోలు కంటికి కనిపించకుండా పోయింది. మా లారీకి బిగించడానికి బొగ్గుల పొయ్యి ఎక్కడా దొరకలేదు. అది దర్వాజా ముందు నిలబడిపోయింది. మామ లారీ మాత్రం పొగ కక్కుకుంటూ మా ఊరి మీదుగా పోతూనే ఉండేది. ఆ చప్పుడు వినిపిస్తే అమ్మ వంటింట్లో చేతిలో పని ఆపేది.

ఆ వానకాలంలో అమ్మకు కడుపునొప్పి పట్టుకుంది. నాటు మందులకు లొంగలేదు. కబురు తెలిసి మామ లారీ తెచ్చాడు.

"అక్కను దవాఖానకు తీస్కపోదాం, జర జల్ది కానియ్యి బావా."

"మా ఇంటి ఆడోళ్లు డ్రైవరు పక్కన బల్ల మీద కూసోరు."

"డ్రైవరును దించిన. నేనే నడుపుత. నేను ఆమెకు తమ్మున్ని గదా!"

"తొవ్వ పొంటి అందరు చూస్తరు" అన్నారు నాయనగారు. ఆడవాళ్ల ప్రయాణానికి తెరలు కట్టిన ఎడ్లబండిని మేము కచ్చురం అనేవాళ్లం, దాన్ని కట్టమన్నారు. మామ గొంతు పెంచబోతే లోపలినుంచి అమ్మే, "లొల్లి చెయ్యకు తమ్మీ, నడువుండ్రి" అన్నది.

ముందు కచ్చురం, వెనుక ఎడ్ల నడకకు సరిపోయేటట్టు మెల్లగా మామ లారీ. బురదలో చక్రం దిగబడినప్పుడల్లా మామ దిగివచ్చి భుజం పట్టి నెట్టేవాడు, నాయనగారి మొహం చూసేవాడు, మళ్లీ పోయి లారీ ఎక్కేవాడు. మహబూబ్‌నగర్ ఇంకా ఎంతో దూరముండగానే తెరల వెనుక మూలుగు ఆగిపోయింది.

ఎడ్లు వెనక్కి నడిచే స్థితిలో లేవు. అమ్మను మామ లారీలోకి ఎక్కించి, నేను వెనుక ఆమె దగ్గర కూర్చున్నాను. నాయనగారు కొంతసేపు వానలో నిలబడి, చివరికి ముందుకు వెళ్లి ఆ బల్ల ఎక్కారు. క్యాబిన్ వెనుక కిటికీలోంచి నాకు కనిపిస్తూనే ఉంది, ఇల్లు చేరేదాకా ప్రతి గుంతకూ ఆయన భుజం మామ భుజాన్ని తాకడం.

నాయనగారు తప్పు చేశారని నా నోటితో నేనెన్నడూ అనలేదు; ఆయన పుట్టిన ఇల్లు ఆయనకు నేర్పింది అదే. ఇప్పుడు నా మనవడు తన డ్రైవరుతో ఒకే డబ్బాలో అన్నం తింటాడు, ఒకే క్యాబిన్లో పడుకుంటాడు, అదొక విశేషమని వాడికి తెలియను కూడా తెలియదు. మొన్న వాడు ఇంజను చూసుకొని, బాగా తిరిగిన లారీనే కొన్నాడు. తిరుగుదారిలో నేను వాడికీ డ్రైవరుకూ నడుమ కూర్చుని వచ్చాను.

మా సైన్యపు లారీని అమ్మ పోయిన మరుసటి ఏడు పాత ఇనుము కింద అమ్మేశాము. ఎడ్లను విడిగా అమ్మాము. కచ్చురానికి మాత్రం బేరం రాలేదు.