ఈశాన్యం వదిలేసిన సైన్యం

శంషాబాద్‌లో మా ఇంటి మేడ మీద ప్రతి ఆదివారం గోల్కొండ పడిపోతుంది. ఢిల్లీ పాదుషా తరఫున మా అన్న వస్తాడు. గోల్కొండ తరఫున మా ఆయన నిలబడతాడు, ఓడిపోతాడు, కిందికి దిగి పప్పులో ఉప్పు తక్కువైందని నా మీద యుద్ధానికొస్తాడు.

చరిత్రలోని యుద్ధాలను బొమ్మ సిపాయిలతో బల్ల మీద మళ్ళీ ఆడే పిచ్చి అది. ఈ పిచ్చి ఉన్నవాళ్ళు చాలామంది గోరంత బొమ్మలతో సరిపెట్టుకుంటారట. మావాళ్ళిద్దరికీ చత్వారం. పైగా మా అన్నకు తనదేదైనా పెద్దగా కనబడాలి. అందుకని మధ్యవేలంత పొడుగు సిపాయిలు, వాళ్ళకు తగ్గ గుర్రాలు, ఏనుగులు. అంత బొమ్మ ఉత్త కాళ్ళ మీద నిలబడదు. మా మీదుగా విమానం దిగినప్పుడల్లా కిటికీ అద్దాలు గలగలమంటాయి, సిపాయి బోర్లా పడతాడు. కాబట్టి ప్రతి బొమ్మ కాళ్ళ కిందా ఒక చెక్క ముక్క ఉండాల్సిందే. కాటేదాన్‌లో కోయించుకొచ్చిన ఆ ముక్కలకు మా ఆయన జిగురు పూసి, బొమ్మను నిలబెట్టి, నిజమైన నేలలా కనబడాలని చుట్టూ మట్టి చల్లుతాడు. ఆ మట్టి నా చేనుది. దాన్ని జల్లించింది నా పిండి జల్లెడతో. అదే చేనులో కలుపు తీయడానికి రమ్మంటే మాత్రం మహానుభావుడికి నడుం పట్టేస్తుంది.

హిమాయత్ సాగర్ దిక్కున ఉన్న ఆ చిన్న ముక్క మా బాపు నాకు పసుపు కుంకుమ కింద రాసిచ్చింది. పాలకూర, తోటకూర, మెంతికూర వేస్తాను. కట్టలు అమ్మకానికి ఆరాంఘర్ దాకా పోతాయి. ఇంట్లో ఎవరి ముందూ చెయ్యి చాచకుండా నేను బతుకుతున్నది దాని మీదే. పక్కనున్న పొలమంతా అన్నది. ఆయన దాన్ని ప్లాట్లు చేస్తున్నాడు. నా ముక్క సరిగ్గా ఆ వెంచర్‌కు ఈశాన్య మూల. ఈశాన్యం కలిసొస్తే కొనేవాళ్ళు ఎగబడతారని అన్న ఆశ. అక్కడ పెద్ద కమాను, దాని పక్కన ఆఫీసు మేడ లేపుతాడట. సంతకం పెట్టాల్సింది నేను. అడిగేది మా ఆయనను, అదీ యుద్ధం మధ్యలో.

"బావా, చెల్లెకు జర చెప్పరాదు. గా మూల ఇస్తే నా పరేషాన్ అంత పోతది," అంటూ అన్న తుపాకీ దండును ముందుకు జరుపుతాడు.

"చూద్దాం తియ్యి బావా," అంటాడు మా ఆయన. మరుక్షణం ఆ దండు చెక్క అంచు గీత దాటిందని, కొలత దారం పట్టుకుని వెంట్రుకవాసి కోసం గొంతు చించుకుంటాడు. చెక్కకు చెక్క తగిలితే పోరు, నడుమ సందుంటే దారి. ఇదీ వాళ్ళ నియమం. చెక్క మీది చిటికెడు మట్టికి అంత పౌరుషమా! చేనంతా అడిగితే మాత్రం చూద్దామట. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒక ఆదివారం చాయ్ పట్టుకుపోయి అక్కడే నిలబడ్డాను. అన్న తన సైన్యాన్ని తూర్పు మొహంగా పేరుస్తున్నాడు. బరువు నైరుతిలో ఉండాలని ఏనుగులన్నీ అక్కడ. ఆగ్నేయం అగ్గి మూల కాబట్టి ఫిరంగులు అక్కడ. తన భాగంలో ఈశాన్య మూల మాత్రం ఊడ్చిపెట్టినట్టు ఖాళీ.

"గా మూల ఎవ్వర్ని పెట్టవేందన్నా?"

"ఈశాన్యంల బరువు పెట్టొద్దు చెల్లే. ఇంట్లనైనా గంతే, ఫౌజులనైనా గంతే."

ఆ మూలకు సరిగ్గా ఎదురుగా మా ఆయన గుర్రాలున్నాయి. అందులోంచి దూరితే వెనకున్న పాదుషా డేరాకు అడ్డమే లేదు, దాన్ని తాకితే గెలుపే.

"మరి నువ్వెందుకు పోవు?" అని ఆయనను అడిగాను.

"ఈశాన్యం తొక్కుతరా ఎవరన్న?" అన్నాడు, చెంపలేసుకున్నంత పని చేసి.

నా కర్మ! శత్రువు వాస్తును కాపాడే సేనాపతి నాకు మొగుడయ్యాడు. ఇన్ని ఆదివారాలు ఓడింది అందుకా!

"ఇగ జరుగు," అని దారం లాక్కున్నాను. కొలిచి మరీ గుర్రాలను ఆ సందులోకి నడిపాను. అన్న తన వంతులో ఏనుగులను తిప్పబోయాడు గానీ నైరుతి నుంచి అవి అంత దూరం రాలేకపోయాయి. మళ్ళీ నా వంతు రాగానే నా గుర్రాల చెక్క పాదుషా డేరాకు తగిలింది. గోల్కొండ నిలిచింది.

"అన్నా, ఈశాన్యంల బరువు పెట్టొద్దంటివి. మరి నా చేన్ల కమాను, మేడ ఎట్ల లేపుతవ్? ఆకుకూర కన్న తేలికది నీకు ఏడ దొరుకుతది? గట్లనే ఉండనియ్యి."

"అవును బావా, వాస్తు వాస్తే గద," అన్నాడు మా ఆయన, ఆ మాట తనకే తట్టినట్టు. పీడ విరగడైందని నేను మురిసిపోయాను.

పై ఆదివారం అన్న వచ్చాడు. అన్నిటికంటే పెద్ద ఏనుగును తీసి ఈశాన్య మూలలో టక్కున నిలబెట్టాడు.

"గదేంది అన్నా, వాస్తు?"

"పంతులుతోని శాంతి చేయించిన చెల్లే. ఇగ ఎంత బరువు పెట్టినా ఏం గాదు."

ఆ శాంతి ఏనుగు కోసం కాదు, కమాను కోసం. మా ఆయన యథాప్రకారం దారం సరిచేసుకుంటూ, "చూద్దాం తియ్యి..." అని మొదలుపెట్టాడు.

"నువ్వు లే," అన్నాను. లేచాడు. ఆ కుర్చీలో కూర్చుని గుర్రాలను ముందుకు లాక్కున్నాను.

"అన్నా, అడిగేదుంటే నన్నడుగు."

అన్న బల్ల మీదినుంచి తలెత్తి చూశాడు. మూల సంగతి నన్ను ఎన్నడూ అడిగి ఎరగడు.

"ఇస్తవా చెల్లే?"

"ఇయ్యను," అన్నాను.