ఆయన పేరు మీద మందుల షాపు

పెదకర్మ అయిన మర్నాడే షాపు తెరిచాను. అంత తొందరేమిటని కొందరు అనుకున్నారట. మా అత్తగారికి, నాకు, ఇంటరు చదువుతున్న మా అమ్మాయికి అన్నం పెట్టేది ఆ షాపు ఒక్కటే. మా వారు ఫార్మసీ చదువుకుని, చల్లపల్లిలో అవనిగడ్డ వెళ్లే రోడ్డు మీద సొంతంగా పెట్టుకున్న మందుల షాపు అది. లైసెన్సు ఆయన పేరు మీదే, సర్టిఫికెట్ ఆయనదే, పొద్దున్నుంచి రాత్రి దాకా కౌంటరు వెనక నిలబడిందీ ఆయనే. గుండె ఆగిందీ అక్కడే, చుట్టూ ఇన్ని మందులుండగా. నొప్పి ఎక్కువసేపు పెట్టకుండా తీసుకుపోయాడు స్వామి. అందుకు ఇవాళ్టికీ దణ్ణం పెట్టుకుంటాను.

ఆ రోజు ఎప్పటిలాగే చిమ్మి, నీళ్లు చల్లి, దేవుడి పటం ముందు దీపం పెట్టాను. మా మరిది విజయవాడలో పెద్దది చేయించి తెచ్చిన మా వారి ఫొటో కౌంటరు వెనక గోడకి తగిలించి, గంధపు దండ వేశాను. వచ్చేపోయేవాళ్లు చూసి దణ్ణం పెట్టుకుంటారనుకున్నాను. చనిపోయిన మనిషి ఫొటోకి దండ వేయకుండా ఎవరుంచుతారు? ఆ పక్కనే రూలు ప్రకారం అందరికీ కనపడేట్టు ఆయన సర్టిఫికెట్ ఫ్రేము ఉంది. అందులో కుర్రతనంలో దిగిన చిన్న ఫొటో, ఒత్తుగా మీసం.

ఇందులో తప్పుందని నాకు తోచలేదు. మా చుట్టుపక్కల చాలా షాపుల్లో జరిగేది ఒక పద్ధతి. షాపు ఒకరిది, గోడ మీద సర్టిఫికెట్ ఇంకొకరిది. ఆ ఇంకొకరు హైదరాబాదులో ఏదో కంపెనీలో ఉంటారు. ఏడాదికి ఇంత అని పుచ్చుకుని కాగితం పంపిస్తారు. మందులిచ్చేది పదో తరగతి తప్పిన వాళ్లు. మా వారు నవ్వేవారు. "ఆ షాపులో ఫార్మసిస్టుని గోడకి మేకు కొట్టి ఉంచారు, పాపం, కిందకి దిగలేడు" అనేవారు. ఆయన సర్టిఫికెట్ అలా అడిగినవాళ్లూ ఉన్నారు. ఇవ్వలేదు. నేను మాత్రం ఆ మాటకి నవ్వి, షాపుకి కావలసింది కాగితమేనని మనసులో పెట్టుకున్నట్టున్నాను. కాగితం గోడ మీదే ఉంది కదా అనుకున్నాను.

డ్రగ్ ఇన్స్పెక్టర్ గారు మామూలు తనిఖీకి వచ్చారు. ఎవరూ చాడీలు చెప్పలేదు, ఎవరి మీదా నాకు అనుమానం లేదు. చిన్న వయసే. గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికొచ్చి, "ఫార్మసిస్టు గారేరండీ?" అన్నారు.

నేను అలవాటు చొప్పున గోడ వైపు చూశాను. ఆయనా చూశారు. సర్టిఫికెట్ లో చిన్న ఫొటో చూసి, దండ వేసిన పెద్ద ఫొటో చూసి, మళ్లీ సర్టిఫికెట్ చూశారు.

"ఈయనేనా అండీ?"

"అవునండీ, మా వారు."

ఆయన కుర్చీలో కూర్చున్నారు. మంచినీళ్లిచ్చాను, తాగారు. "దండ వేసుకున్న మనిషి మందులెలా ఇస్తున్నారమ్మా?" అన్నారు. ఎగతాళిగా అనలేదు. ఆ మాట ఇంకెలా అడగాలో ఆయనకీ తెలియలేదు.

తరవాత నిదానంగా చెప్పారు. "షాపు ఎవరైనా పెట్టుకోవచ్చండీ. సొంతదారు ఫార్మసీ చదవాలని లేదు. మీ పేరు మీద కొత్త లైసెన్సుకి పెట్టుకోండి. ఇది మాత్రం సార్ పేరు మీదది, సార్ తోనే పోయింది. మీరు ఓనరయినా సరే, మందు రోగి చేతికి వెళ్లేప్పుడు రిజిస్టరయిన ఫార్మసిస్టు ఇక్కడ మనిషిగా ఉండాలి."

"నేను నేర్చుకోవచ్చా అండీ?"

"మీరేం చదువుకున్నారమ్మా?"

"ఇంట్లో చదువుకున్నానండీ."

ఆయన రాస్తున్న పెన్ను ఆగింది. మాది కృష్ణ మధ్యలో లంక. బడికి వెళ్లాలంటే రేవు దాటాలి. రెండు సార్లు పడవ తిరగబడ్డాక మా పెదనాన్న ఆడపిల్లల్ని రేవు దాటనివ్వలేదు. ఆయనే అరుగు మీద కూర్చోబెట్టి పద్యాలు, లెక్కలు, ఇంగ్లీషు అక్షరాలు చెప్పాడు. ఆ చదువు పుణ్యమే నేనివాళ రాస్తున్న ఈ నాలుగు మాటలూ. కానీ దానికి కాగితం లేదు. పదో తరగతి పరీక్షకి కట్టి, ఇంటరు సైన్సు చదివి, ఆ పైన ఫార్మసీ చదవాలి. ఇన్స్పెక్టర్ గారు అది పైకి చెప్పలేదు. "కొత్త లైసెన్సు, ఫార్మసిస్టు వచ్చేదాకా అమ్మకం ఆపెయ్యండమ్మా" అన్నారు. కేసు రాయకుండా వెళ్లిపోయారు. అది చిన్న మేలు కాదు.

మర్నాడు షట్టరు సగం ఎత్తి దీపం పెడుతుంటే చేపలమ్మే మామ్మ వంగి లోపలికి చూసింది. నాగాయలంక వైపు నుంచి రోజూ తెల్లారే బస్సుకి గంపతో వచ్చి, మా షాపు ఎదురుగా రోడ్డు వార కూర్చునేది. షుగరుంది. చదువు రాదు. ఆమెకి ఏ పూట వేసుకునే బిళ్లలు ఆ పూటకి వేరే పొట్లం కట్టి, పొద్దుటి దానికి ఎర్ర దారం, రాత్రి దానికి తెల్ల దారం చుట్టి ఇచ్చేవారు మా వారు.

"నా పొట్లాలియ్యి అమ్మాయ్."

"అమ్మకూడదన్నారు మామ్మా."

"అమ్మొద్దు. ఊరికే ఇయ్యి."

"ఊరికే ఇచ్చినా కూడదంట."

"మీ ఆయనిస్తే కూడింది, నువ్విస్తే ఎందుకు కూడదు?"

"ఆయన చదువుకున్నారు."

"చదువుకున్నోడు పోయాడు. బిళ్లలున్నాయి కదా. ఆటికి కూడా దండలేశావా ఏంటి?"

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. సెంటర్లో ఉన్న పెద్ద షాపుకి వెళ్లమన్నాను. "ఆళ్లు డాక్టరు చీటీ అడుగుతారు. నా చీటీ మీ ఆయన దగ్గరే ఉండిపోయింది" అంది. వెతికాను. దొరకలేదు. ఆ చీటీ ఆయన మనసులోనే ఉండేదనుకుంటాను.

ఫార్మసిస్టు కోసం తిరిగాము. మా మరిది, నేను. చదువుకున్న పిల్లలు విజయవాడ ఆసుపత్రుల్లోనూ, హైదరాబాదు కంపెనీల్లోనూ ఉన్నారు. చల్లపల్లిలో చిన్న షాపులో రోజంతా నిలబడటానికి ఎవరొస్తారు? మచిలీపట్నం నుంచి ఒకమ్మాయి వస్తానని మాట ఇచ్చి, ఒక రోజు బస్సులో వచ్చి, మరి రాలేదు. ఆ అమ్మాయిని తప్పు పట్టను.

చివరికి మా మరిది విజయవాడ పటమటలో ఒకాయన్ని చూశాడు. ఏదో ఆసుపత్రిలో పనిచేస్తాడు. అపార్టుమెంట్లో మూడో అంతస్తు. వాళ్లావిడ కాఫీ ఇచ్చి, మా వారు పోయినందుకు నిజంగానే బాధపడింది. మంచి కుటుంబం.

"నేను రానక్కర్లేదండీ. నా సర్టిఫికెట్ వస్తుంది" అన్నాడాయన. "తనిఖీ అంటే మా ఫోనుకి ఒక్క రింగివ్వండి. బండేసుకుని వచ్చి కూర్చుంటాను."

"మరి డాక్టరు చీటీ ఎవరు చదువుతారండీ?"

"మీరే చదువుతారు. ఇన్నేళ్లు షాపులో ఉన్నారు. మీకు తెలియని మందేముంది?"

అందరూ అదే అన్నారు. నాకు తెలిసింది అరలు. ఏ మందు ఏ వరసలో ఉంటుందో కళ్లు మూసుకుని తీయగలను. నేను తీసిన అట్టపెట్టె ఆయన చేతిలో పెడితే, ఒకసారి చీటీ వైపు, ఒకసారి పెట్టె వైపు, ఒకసారి వచ్చిన మనిషి మొహంలోకి చూసేవారు. ఒక్కోసారి ఏమీ అనకుండా పెట్టె వెనక్కి పెట్టి వేరేది తీసేవారు. ఒక్కోసారి ఏ మందూ ఇవ్వకుండా డాక్టరుకి ఫోను చేసేవారు. ఏం చూసి మార్చేవారో నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడగడానికి లేదు.

"వద్దండీ" అన్నాను. కాఫీకి దణ్ణం పెట్టి లేచాను.

తిరుగు బస్సు ఉయ్యూరు దాటింది. మా మరిది కిటికీ వైపు చూస్తూ అన్నాడు.

"ఊరంతా చేసేదే కదా వదినా. నువ్వొక్కదానివే మడి కట్టుకున్నావా?"

"నా చేత్తో తప్పు మందు పోతే?"

"పోతే అప్పుడు చూద్దాం. నీ దేవుడు నీకు అన్నం తెచ్చి పెడతాడా?"

"ఇన్నాళ్లూ పెట్టాడు."

"పెట్టింది మా అన్నయ్య."

అతను అన్నది తప్పు కాదు. ఆ రోజు నుంచి అతను మా ఇంటికి రావడం తగ్గింది. వచ్చినప్పుడు అత్తగారితో మాట్లాడి వెళ్లిపోతాడు. కానీ సరుకు వెనక్కివ్వడానికి విజయవాడ వన్ టౌన్ వెళ్లిన రోజు ఆటోలోంచి పెట్టెలు దింపింది అతనే. ఆ ఇరుకు సందులో రిక్షా బళ్ల మధ్య నుంచి నెత్తిన పెట్టుకుని హోల్‌సేలు షాపులోకి మోశాడు. అది మరిచిపోలేను.

హోల్‌సేలు ఆయన సీలు విప్పని పెట్టెలు మాత్రం తీసుకున్నారు. కత్తిరించిన అట్టలు, ఫ్రిజ్జులో ఉన్న ఇన్సులిన్ తీసుకోరు. "చల్లదనం తెగిందో లేదో నాకెలా తెలుస్తుందమ్మా?" అన్నారు. న్యాయమే. మా వారు రోజూ పొద్దున్నే ఆ ఫ్రిజ్జు తలుపు తీసి థర్మామీటరు చూసేవారు. ఆయన పోయాక ఎవరూ చూడలేదు. ఆ సీసాలన్నీ పారేసే మందుల డబ్బాలో వేయించారు. పడుతుంటే చప్పుడు చిన్నదే.

షాపు గది ఖాళీ చేశాం. మా అమ్మాయి ఇంటరు పరీక్షలు రాసి విజయవాడ బీసెంట్ రోడ్డులో బట్టల షాపులో చేరింది. పై చదువు మాట అది ఎత్తదు, నేనూ ఎత్తను. నేను గుడికి ప్రసాదాలు వండుతున్నాను. పొయ్యి దగ్గర నిలబడే ఓపిక ఉన్నందుకు సంతోషం.

మా పాత షాపు ఎదురుగా రోడ్డు వార మామ్మ కనపడటం మానేసిందని నాకు ఆలస్యంగా తెలిసింది. వాళ్ల ఊరి వాళ్లనడిగితే చెప్పారు. పెద్ద షాపులో చీటీ లేదని పంపేశారట. మళ్లీ వెళ్లలేదట. వేపాకు, కాకరకాయ రసం తాగుతూ ఉండిపోయింది. చేప ముల్లు దిగిన కాలి వేలు మానలేదు. నల్లబడ్డాక విజయవాడ పెద్దాసుపత్రికి తీసుకెళితే కుడికాలు రెండు వేళ్లు తీసేశారు.

చూడ్డానికి వెళ్లాను. కాలు చాపుకుని గుమ్మంలో కూర్చుంది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ప్రాణం మిగిలింది లేవే" అంది.

ఆ పొట్లాలు ఇచ్చి ఉంటే అని ఎన్నిసార్లనుకున్నానో. బిళ్లలు అరలోనే ఉన్నాయి. ఎర్ర దారం, తెల్ల దారం సొరుగులో ఉన్నాయి. ఇస్తే వేళ్లు మిగిలేవేమో. లేదా ఆ నెలలో ఆయన మోతాదు మార్చేవారేమో, నాకు తెలియక పాతదే ఇచ్చేదాన్నేమో. చట్టం మంచిదే. దాని మీద నాకు కోపం లేదు. ఏది జరిగేదో చెప్పగలిగిన మనిషి ఒక్కరే, ఆయన లేరు. పూజలో కూర్చున్నప్పుడు అడుగుతుంటాను. నేర్చుకోని దానికి చేయి చాపలేదు అనుకుంటే ఒక రోజు ధైర్యంగా ఉంటుంది, ఒక రోజు సిగ్గుగా ఉంటుంది.

ఇప్పుడు ఆసుపత్రి వాళ్లు మామ్మకి కొత్త చీటీ ఇచ్చారు. ఆమె గంప మానేసింది. నెలకోసారి మనవడు ఆటో ఎక్కించి చల్లపల్లి పంపిస్తే, బస్టాండు దగ్గర నేను దింపుకుంటాను. ఇద్దరం సెంటర్లో పెద్ద షాపుకి నడుస్తాం. అక్కడ తెల్ల కోటు వేసుకున్న ఫార్మసిస్టు అమ్మాయి నిజంగానే ఉంటుంది. ముందు పదిమంది ఉంటారు. మామ్మ నా భుజం మీద బరువంతా వేసి నిలబడుతుంది.

"తెల్లదెప్పుడు, పసుపుదెప్పుడు? నువ్వు చెప్పకూడదా?" అంటుంది ప్రతిసారీ.

"ఆ అమ్మాయినడుగు మామ్మా."

"ఆ పిల్ల గబగబా చెప్పుద్ది."

"మళ్లీ చెప్పమందాం."

వరస కొంచెం జరుగుతుంది. మేమూ జరుగుతాం.